పెప్టైడ్ బంధం కట్టేది ప్రొటీనా, ఆర్ఆర్ఎన్ఏనా? మోడల్ పేపర్ కీ మీద పేచీ

వంశధార_గుణుపూర్
ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకని మా వైపు పిల్లల చేతుల్లో తిరుగుతున్న ఒక మోడల్ పేపర్లో ప్రశ్న ఇది. పెప్టిడైల్ ట్రాన్స్‌ఫరేజ్ పని, అంటే ప్రొటీన్లు తయారయ్యే రైబోజోమ్‌లో అమైనో ఆమ్లాల మధ్య పెప్టైడ్ బంధం కట్టే పని, ఎవరిది? (అ) 50ఎస్‌లోని ఒక ప్రొటీన్ (ఆ) 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ (ఇ) 23ఎస్ ఆర్ఆర్ఎన్ఏ (ఈ) ఈఎఫ్-జీ. (ఆర్ఆర్ఎన్ఏ అంటే రైబోజోమ్‌లోని ఆర్ఎన్ఏ; 50ఎస్ అంటే బాక్టీరియా రైబోజోమ్ పెద్ద సబ్‌యూనిట్, 23ఎస్ అందులోది; 16ఎస్ చిన్న సబ్‌యూనిట్‌లోది.) కీలో (అ) అని ఉంది. (ఇ) పెట్టినవాళ్ళకి మార్కు పోయింది. ప్లస్ టూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనే 23ఎస్ అని ఉంది కదా అని అడిగితే, "ఎంజైమ్ అంటే ప్రొటీనే, ఆర్ఎన్ఏ ఉత్త చట్రం" అని జవాబొచ్చింది. పుస్తకంలో ఉందన్నంత మాత్రాన పిల్లలకి నమ్మకం కుదరదు. ప్రయోగాల్లో ఏం తేలిందో పూసగుచ్చినట్టు చెప్పండి. ఆర్ఆర్ఎన్ఏ ఏం చేస్తుందో, ఏం చెయ్యదో రెండూ కావాలి.

మహేంద్రగిరి
(ఇ)నే. కీ తప్పు. ఇందులో రెండో మాట లేదు.

జయపురం_జీవరసాయనం
రెండో మాట లేదు గానీ, ఎందుకు లేదో చెప్పకపోతే గుణుపూర్ అన్నకి ఉపయోగం ఉండదు. రెండు మెట్లలో తేలిన సంగతి ఇది.

మొదటిది 1992. హ్యారీ నోలర్ బృందం థెర్మస్ అక్వాటికస్ అనే వేడినీటి బాక్టీరియా రైబోజోములు తీసుకుంది. ప్రొటీనేజ్-కే, ఎస్‌డీఎస్, ఆపైన ఫినాల్. మామూలు ప్రొటీన్ ఎంజైమ్ ఏదైనా ఈ మూడింటికి చచ్చిపోవాలి. అయినా ఎఫ్-మెట్ (బాక్టీరియా గొలుసులో మొదటి అమైనో ఆమ్లం) మోస్తున్న టీఆర్ఎన్ఏ ముక్క నుంచి టీఆర్ఎన్ఏ కొసని పోలిన ప్యూరోమైసిన్ అనే మందు మీదికి అమైనో ఆమ్లం బదిలీ అవుతూనే ఉంది. అదే మిశ్రమంలో ఆర్ఎన్ఏని కోసే ఆర్ఎన్‌ఏజ్ వేస్తే పని ఆగిపోయింది.

రెండోది 2000. థామస్ స్టైట్జ్, పీటర్ మూర్ బృందం మృత సముద్రపు హేలోఆర్క్యులా మారిస్‌మోర్ట్యుయీ 50ఎస్ నిర్మాణాన్ని 2.4 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో బయటపెట్టింది. బంధం కట్టే చోటుకి సుమారు 18 ఆంగ్‌స్ట్రాముల దూరం వరకూ ఒక్క ప్రొటీన్ కూడా లేదు. చుట్టూ ఉన్నదంతా 23ఎస్ ఐదో డొమైన్‌కి చెందిన న్యూక్లియోటైడ్లే. అంత దూరం నుంచి ఏ ప్రొటీన్ పక్క గొలుసూ చెయ్యి చాపి ఆ బంధాన్ని అందుకోలేదు.

2009 రసాయన శాస్త్ర నోబెల్ స్టైట్జ్‌కీ, అడా యోనాత్‌కీ, చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కీ కలిపి ఇచ్చింది రైబోజోమ్ నిర్మాణం, పనితీరు తేల్చినందుకే.

రుషికుల్య_తీరం
జయపురం గారూ, 1992 ప్రయోగాన్ని అంత శుభ్రంగా చూపించకండి. ఫినాల్ తర్వాత కూడా అక్కడ కొన్ని ప్రొటీన్లు మిగిలే ఉన్నాయి. తర్వాత లెక్క తీస్తే ఎల్2, ఎల్3 సహా ఎనిమిది తేలాయి, కొన్ని దాదాపు చెక్కుచెదరకుండా. పైగా ఈ.కోలై 50ఎస్ మీద అదే ఫినాల్ వేస్తే పని పోయింది. ప్రొటీన్ ఒక్కటీ లేని వట్టి 23ఎస్‌తో బంధం కట్టించామన్న రుజువు ఆ ప్రయోగంలో లేదు. నోలర్ కూడా తన పేపర్లో అంత దూరం వెళ్ళలేదు.

జయపురం_జీవరసాయనం
ఒప్పుకుంటున్నాను. అందుకే 2000 నాటి నిర్మాణం వచ్చేదాకా వాదన తెగలేదు. 1992 ప్రయోగం అనుమానాన్ని ప్రొటీన్ మీద నుంచి ఆర్ఎన్ఏ వైపు తిప్పింది. తెగ్గొట్టింది నిర్మాణమే.

నాగావళి_రాయగడ
ఇక్కడ ఇంకో మెలిక. ఈ.కోలైలో ఎల్27 అనే ప్రొటీన్ తోక ఆ చోటుకి బాగా దగ్గరగా వస్తుంది. హేలోఆర్క్యులాలో ఎల్27 లేదు కాబట్టి 2000 నాటి బొమ్మలో అది కనపడదు. ఎల్27 లేని ఈ.కోలై బతుకుతుంది, కానీ నెమ్మదిగా పెరుగుతుంది, బంధం కట్టే వేగం తగ్గుతుంది. అంటే ప్రొటీన్ సాయం చేస్తుంది, అసలు పని దానిది కాదు. ఎవరైనా ఎల్27 పేరెత్తి కీని సమర్థించబోతే ఈ సంగతి చెప్పండి.

కాశీనగర్_కుర్రోడు
నాకొక డౌటండీ. 23ఎస్‌లోని ఏ2451 అనే అడినిన్ ప్రోటాన్ లాగుతాది, అదే కెటాలిసిస్ అని మాకు నోట్స్ ఇచ్చారు. అదేటి, కరెక్టేనా?

జయపురం_జీవరసాయనం
తమ్ముడూ, ఆ నోట్స్ 2000 దగ్గరే ఆగిపోయినట్టున్నాయి. నిర్మాణం వచ్చిన కొత్తలో ఆ ప్రతిపాదన చేశారు, నిజమే. తర్వాత ఏ2451ని మార్చి చూశారు. ప్యూరోమైసిన్ లాంటి చిన్న అణువుతో వేగం బాగా పడిపోయింది, కానీ పూర్తి అమైనోఎసైల్-టీఆర్ఎన్ఏ ఇస్తే బంధం దాదాపు మామూలుగానే కట్టింది. అంటే ఆ అడినిన్ ఆమ్ల-క్షార కెటలిస్ట్ కాదు.

ఇప్పుడు ఒప్పుకుంటున్నది ఇది. రైబోజోమ్ రెండు టీఆర్ఎన్ఏల కొసల్నీ సరైన కోణంలో, సరైన దూరంలో పట్టి ఉంచుతుంది. నీటిలో ఊరికే జరిగే చర్యతో పోలిస్తే వేగం సుమారు కోటి రెట్లు, అందులో ఎక్కువ వాటా ఎంట్రోపీ తగ్గించడం వల్లే. పెరుగుతున్న గొలుసు ఉండే పీ సైటులోని టీఆర్ఎన్ఏ కొసన ఏ76 అడినోసిన్‌కి ఉన్న 2-ప్రైమ్ హైడ్రాక్సిల్ కూడా ఇందులో ముఖ్యం. అంటే కెటాలిసిస్‌లో టీఆర్ఎన్ఏ సొంత చెయ్యీ ఉంది.

పట్టుకోవడం ఎలాగో కూడా తెలుసు. పీ సైటు టీఆర్ఎన్ఏ సీసీఏ కొసలోని రెండు సీలు 23ఎస్ పీ-లూప్‌లోని జీ2251, జీ2252తో జత కడతాయి. కొత్త టీఆర్ఎన్ఏ వచ్చి కూర్చునే 'ఏ' సైటులో దాని సీ75 వచ్చి ఏ-లూప్‌లోని జీ2553తో జత కడుతుంది. ఇవి మామూలు జీ-సీ జతలే. అమైనో ఆమ్లం తగిలించి ఉన్న కొసని ఆర్ఎన్ఏనే చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

మహేంద్రగిరి
నెంబర్ల గురించి ఒక ముక్క. 2451, 2553 అన్నీ ఈ.కోలై లెక్కే. వేరే జీవి గురించి రాసినా పేపర్లలో చాలాసార్లు ఈ.కోలై నెంబరే వాడతారు. 23ఎస్‌కి సాటైన మనిషి 28ఎస్‌లో 2451వ చోట వెతికితే ఈ అడినిన్ దొరకదు.

వంశధార_గుణుపూర్
ఇంత దూరం స్పష్టంగా ఉంది. అయితే 16ఎస్ ఏం చేస్తుంది? పిల్లలు దాన్ని గుండుగుత్తగా "ఎంఆర్ఎన్ఏని పట్టుకుంటుంది" అని రాసి వదిలేస్తున్నారు.

పర్లాకిమిడి_అక్క
పట్టుకోవడం ఒక్కటే కాదు, తప్పొప్పులు చూసేదీ అదే. రెండూ విడివిడిగా చెప్తాను.

ముందు మొదలుపెట్టే చోటు. 16ఎస్ 3-ప్రైమ్ కొసన సీసీయూసీసీ అనే వరస ఉంటుంది. ఎంఆర్ఎన్ఏ మీద మొదలుపెట్టే కోడాన్ ఏయూజీకి ఐదారు నుంచి పదిలోపు న్యూక్లియోటైడ్ల ముందు జీజీఏజీజీ లాంటి వరస. ఈ రెండూ జత కట్టడం వల్ల ఏయూజీ సరిగ్గా పీ సైటులోకి వస్తుంది. షైన్, డాల్‌గార్నో 1974లో చెప్పింది ఇదే. దీనికి అందమైన రుజువు 1987లో వచ్చింది. హుయ్, డీ బోయర్ ఎంఆర్ఎన్ఏ మీది వరసని మార్చేశారు, మామూలు రైబోజోములు దాన్ని చదవడం మానేశాయి. 16ఎస్ కొసని కూడా దానికి జోడయ్యేలా మార్చిన రైబోజోములు మాత్రం ఆ ఎంఆర్ఎన్ఏనే చదివాయి. ప్రొటీన్ల జోలికి పోలేదు, మారింది ఆర్ఎన్ఏ ఒక్కటే.

యూకారియోట్లలో ఇది రాయకూడదు. అక్కడ 16ఎస్‌కి సాటైన 18ఎస్‌కి ఆ సీసీయూసీసీ లేదు. చిన్న సబ్‌యూనిట్ 40ఎస్, ఎంఆర్ఎన్ఏ మొదట్లోని క్యాప్ దగ్గర ఎక్కి ఏయూజీ దొరికేదాకా వెతుక్కుంటూ పోతుంది. ఇది కలగలిపి రాసే పిల్లలు చాలామంది.

ఇక తప్పొప్పులు. 16ఎస్‌లో జీ530, ఏ1492, ఏ1493 అని మూడు న్యూక్లియోటైడ్లు. ఏ సైటులో కోడాన్, యాంటీకోడాన్ కలవగానే 44వ హెలిక్స్ లోపల ముడుచుకుని ఉన్న రెండు అడినిన్లూ బయటికి తిరుగుతాయి, జీ530 కూడా భంగిమ మార్చుకుంటుంది. మొదటి జతని ఏ1493, రెండో జతని ఏ1492, జీ530 కలిసి తడిమి చూస్తాయి. అది ఏ అక్షరమన్నది వాటికి పట్టదు. జత ఆకారం సరిగ్గా వాట్సన్-క్రిక్ పద్ధతిలో ఉందా లేదా అన్నదే చూస్తాయి. మూడో జత మీద ఆ పట్టు లేదు, అందుకే అక్కడ కాస్త సడలిన జత, అంటే వాబుల్, చెల్లుతుంది. ఏ1492ని గానీ ఏ1493ని గానీ జీగా మారిస్తే బాక్టీరియా బతకదు.

రుషికుల్య_తీరం
అక్క చెప్పిన ఆ మూడు న్యూక్లియోటైడ్ల మాట పిల్లలు కంఠతా పట్టాలి. వాబుల్ గురించి పేజీలు పేజీలు రాస్తారు గానీ మూడో స్థానంలోనే ఎందుకు చెల్లుతుందో ఒక్కరూ రాయరు. కారణం ఇక్కడుంది.

కాశీనగర్_కుర్రోడు
పెప్టైడ్ బంధానికి శక్తి జీటీపీ నుంచి వస్తాది అని రాస్తే తప్పా?

పర్లాకిమిడి_అక్క
తప్పే తమ్ముడూ. బంధానికి కావలసిన శక్తి అమైనో ఆమ్లానికీ టీఆర్ఎన్ఏకీ మధ్య ఉన్న ఎస్టర్ బంధంలోనే దాచి ఉంది. ఆ ఎస్టర్ కట్టడానికి ముందే ఏటీపీ కాస్తా ఏఎంపీ అయ్యింది, అంటే రెండు ఫాస్ఫేట్ బంధాల ఖర్చు. జీటీపీలు రెండు, ఒకటి టీఆర్ఎన్ఏని తెచ్చే ఈఎఫ్-టీయూకి, ఒకటి ముందుకు జరిపే ఈఎఫ్-జీకి. మొత్తం కలిపి ఒక్కో అమైనో ఆమ్లానికి నాలుగు. లెక్కల ప్రశ్నలో ఇదే అడుగుతారు. మొదలుపెట్టడానికీ, ముగించడానికీ అయ్యేది వేరే.

నాగావళి_రాయగడ
ఆ రెండు ఫ్యాక్టర్లూ వచ్చి ఆనుకునే చోటు కూడా ఆర్ఆర్ఎన్ఏనే. 23ఎస్‌లో సార్సిన్-రైసిన్ లూప్ అంటారు. ఏజీయూఏసీజీఏజీఏజీజీఏసీసీ, ఈ పద్నాలుగు అక్షరాలూ బాక్టీరియా నుంచి మనిషి దాకా మారలేదు.

రైసిన్ అంటే మన ఆముదం గింజల్లోని విషమే. 1987లో ఎండో, త్సురుగీ తేల్చారు. ఎలుక 28ఎస్‌లో 4324వ అడినిన్ ఒక్కదాన్నే అది పీకేస్తుంది. గొలుసు తెగదు, బేస్ మాత్రం ఊడుతుంది. నాలుగు వేల పైచిలుకు న్యూక్లియోటైడ్లలో ఒక్క బేస్ పోతే ఫ్యాక్టర్లు సరిగ్గా ఆనలేవు, రైబోజోమ్ పనికిరాకుండా పోతుంది. ఒక్క రైసిన్ అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోజోముల్ని పాడుచేయగలదు. ఆర్ఆర్ఎన్ఏ ఉత్త చట్రమైతే ఒక్క బేస్ పోయినందుకు ఇంత నష్టం ఎలా జరుగుతుంది?

ఊళ్ళో వాళ్ళకి పనికొచ్చే మాట కూడా చెప్పాలి. రైసిన్ నీళ్ళలో కరిగే ప్రొటీన్, నూనెలోకి రాదు. గానుగాడితే చెక్కలో ఉండిపోతుంది. ఆముదపు చెక్క పొలానికి ఎరువు, పశువులకి పెట్టకూడదు. ఎరువు బస్తా దగ్గరికి మేకలు పోకుండా చూసుకోవాలి.

రుషికుల్య_తీరం
రాయగడ గారూ, దీనికి ఒక జోడింపు. ఈ.కోలైలోనూ అదే లూప్ ఉంది, అక్కడ అడినిన్ 2660. అయినా ఈ.కోలై రైబోజోముని రైసిన్ ఏమీ చెయ్యదు. ప్రొటీన్లు తీసేసి వట్టి 23ఎస్ ఇస్తే మాత్రం ఆ బేస్‌ని పీకుతుంది. యూకారియోట్ రైబోజోమ్ కాడలోని పీ-ప్రొటీన్లను ఆధారం చేసుకుని రైసిన్ దగ్గరికి చేరుతుంది, ఈ.కోలైలో ఆ ప్రొటీన్లు లేవు. కాబట్టి ప్రొటీన్లకి పనే లేదని కూడా ఎవరూ రాయొద్దు. ఆర్ఎన్ఏని మడతపెట్టి నిలబెట్టేది, ఎవరు దగ్గరికి రావాలో చూసేది అవే. ప్రొటీన్లు లేకుండా 23ఎస్ తనంతట తాను ఆ ఆకారంలోకి రాదు.

చత్రపురం_ఫార్మా
మందుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆర్ఆర్ఎన్ఏ పనిచేసే చోట్లకి ఇంతకన్నా మంచి పటం లేదు. క్లోరాంఫెనికాల్, లినెజోలిడ్ రెండూ బంధం కట్టే చోటే, ఏ సైటు వైపు కూర్చుంటాయి. ఎరిత్రోమైసిన్ అక్కడ కాదు, గొలుసు బయటికొచ్చే సొరంగంలో ఏ2058 దగ్గర. ఆ ఏ2058కి మిథైల్ తగిలిస్తే మందు పట్టదు, ఎర్మ్ జన్యువులు చేసేది అదే. జెంటామైసిన్, అమికాసిన్ 16ఎస్ 44వ హెలిక్స్‌లో కూర్చుని, అక్క చెప్పిన రెండు అడినిన్లనీ బయటికి తిప్పి ఉంచుతాయి. జత సరిగ్గా లేకున్నా ఒప్పేసుకుంటుంది, తప్పు అమైనో ఆమ్లాలు పడతాయి.

మనుషుల రైబోజోమ్‌కి ఎందుకు తగలదంటే, బాక్టీరియాలో ఏ1408 ఉన్న చోట మన 18ఎస్‌లో జీ ఉంది. ఏ2058 చోట కూడా మన 28ఎస్‌లో జీనే. ఒక్క అక్షరం తేడాతో మందు మందుగా ఉంది.

కానీ మన మైటోకాండ్రియా రైబోజోములు బాక్టీరియా పోలికే. లినెజోలిడ్ నెలల తరబడి వాడే మందులకు లొంగని టీబీ రోగుల్లో రక్తం తగ్గడం, కాళ్ళ తిమ్మిర్లు దానివల్లే, అందుకే రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. 12ఎస్‌లో ఏ1555జీ మార్పు ఉన్నవాళ్ళకి జెంటామైసిన్ జాతి మందులతో చెవుడు రావచ్చు. ఆ మార్పు వల్ల 1494లోని సీతో కొత్త జత ఏర్పడి, ఆ చోటు బాక్టీరియా 16ఎస్‌ని మరింత పోలుతుంది. తల్లి వైపు నుంచి వచ్చేది కాబట్టి సూది వేసేముందు తల్లి తరఫు వాళ్ళలో ఇలా మందు తర్వాత వినికిడి పోయినవాళ్ళున్నారా అని అడగడం మంచిది.

మల్కన్‌గిరి_మైక్రో
మలేరియా జిల్లాల్లో ఉండి ప్లాస్మోడియం రైబోజోమ్ మర్చిపోతే ఎలా? దీని ఆర్ఆర్ఎన్ఏ పద్ధతే వేరు. మనిషికి 45ఎస్ జన్యువులు వందల కొద్దీ వరసగా ఉంటే దీనికి పదిలోపే, వేర్వేరు క్రోమోజోముల మీద చెల్లాచెదురుగా. పైగా రెండు రకాలు. మన రక్తంలో ఉన్నప్పుడు 'ఏ' అనే రకం, దోమలో ఉన్నప్పుడు 'ఎస్' అనే రకం. 1987లో ఎలుకల మలేరియా ప్లాస్మోడియం బెర్గైలో మొదట చూశారు. జీవిత దశని బట్టి ఆర్ఆర్ఎన్ఏనే మార్చుకునే జీవి!

పీసీఆర్‌తో జాతి తేల్చేది కూడా 18ఎస్ జన్యువు మీదే. నెస్టెడ్ పీసీఆర్‌లో మొదటి విడత అన్ని ప్లాస్మోడియంలకీ కలిపి, రెండో విడత జాతి వారీగా. ఫాల్సిపారమ్ 205 బేస్‌జతల దగ్గర, వైవాక్స్ 120 దగ్గర, ప్లాస్మోడియం మలేరియే అనే జాతి 144 దగ్గర. 120కీ 144కీ తేడా 1 శాతం జెల్లో తెలీదు. 2 శాతానికి తగ్గకుండా పోసి, చిన్న ల్యాడర్ వేసి, నెమ్మదిగా నడపాలి. మన వైపు మలేరియే కేసులు ఉంటాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకుని వైవాక్స్ అని రాసెయ్యకండి. మొదటి విడత గొట్టం తెరిచిన బల్ల మీదే రెండో విడత కలిపితే నెగటివ్ కంట్రోల్లో కూడా గీత వస్తుంది. గది వేరు, పిపెట్లు వేరు ఉండాలి.

చత్రపురం_ఫార్మా
డాక్సీసైక్లిన్ మలేరియాలో పనిచేసేది కూడా ఈ దారిలోనే కదా?

మల్కన్‌గిరి_మైక్రో
అవును. ప్లాస్మోడియంలో ఎపికోప్లాస్ట్ అని ఒక కణాంగం, దాని రైబోజోములు బాక్టీరియా రకం. డాక్సీ అక్కడ పట్టుకుంటుంది. మందు పడ్డ తరానికి ఏమీ కాదు, దాని తర్వాతి తరం చస్తుంది. ఫాల్సిపారమ్‌లో ఒక్కో చుట్టు 48 గంటలు కాబట్టి ఫలితం ఆలస్యం. జ్వరం మీదున్న మనిషికి ఒంటరిగా ఇవ్వరు, వేగంగా పనిచేసే మందుకి తోడుగానే ఇస్తారు.

వంశధార_గుణుపూర్
ఇదంతా కుదించి పిల్లలకి రెండు పేజీల్లో పెడతాను. ఐదు మార్కుల జవాబులో ఏవి తప్పకుండా ఉండాలి?

పర్లాకిమిడి_అక్క
16ఎస్‌కి రెండు పనులు, 23ఎస్‌కి బంధం కట్టే పని, ఫ్యాక్టర్లు ఆనే లూప్. రుజువుగా 18 ఆంగ్‌స్ట్రాముల మాట ఒక్కటి చాలు. 5ఎస్ గురించి అనవసరంగా సాగదీయొద్దు, పెద్ద సబ్‌యూనిట్ భాగాల మధ్య కుదురుగా ఉండటానికి తోడ్పడుతుందని ఒక వాక్యం రాస్తే సరి. 30ఎస్‌కి 50ఎస్ కలిపితే 80 కదా, బాక్టీరియా రైబోజోమ్ 70ఎస్ ఎలా అయ్యిందనే పిల్లలకి, ఎస్ అన్నది బరువు కొలత కాదు, సెంట్రిఫ్యూజ్‌లో అడుక్కి దిగే వేగం, అది ఆకారం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి కూడికకి లొంగదని చెప్పండి.

మహేంద్రగిరి
పుట్టుక కూడా ఒక వాక్యం. యూకారియోట్లలో 45ఎస్ నుంచి 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ మూడూ కేంద్రకాంశంలో, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఒకటితో. 5ఎస్ బయట, పాలిమరేజ్ మూడుతో.

తసర్_కొరాపుట్
మొత్తం చదివాను, చాలా బాగుంది. ఒక బల్ల మీది సమస్య అడగొచ్చా. తసర్ పురుగు పట్టు గ్రంథి నుంచి మొత్తం ఆర్ఎన్ఏ తీసి జెల్ నడిపితే 28ఎస్ గీతే ఉండదు. 18ఎస్ దగ్గర ఒక్క మందపాటి గీత. ఎన్నిసార్లు తీసినా అంతే. చెడిపోయిందని పారబోయమంటున్నారు.

జయపురం_జీవరసాయనం
పారబొయ్యకండి! అది చెడిపోవడం కాకపోవచ్చు. చాలా పురుగుల 28ఎస్‌లో మధ్యలో దాగిన కోత ఉంటుంది. కణంలోనే అక్కడ చిన్న ముక్క తెగి ఊడిపోతుంది, రెండు సగాలూ హైడ్రోజన్ బంధాలతో అతుక్కుని ఉంటాయి, రైబోజోమ్ మామూలుగానే పనిచేస్తుంది. మీరు లోడ్ చేసేముందు ఫార్మమైడ్ డైలో 65-70 డిగ్రీలకి వేడి చేస్తారు కదా, అప్పుడు విడిపోతాయి. ఒక్కో సగం ఇంచుమించు 18ఎస్ అంతే ఉంటుంది కాబట్టి మూడూ ఒకే చోట పరిగెడతాయి. పట్టుపురుగులో ఇది బాగా తెలిసిన సంగతే. 28ఎస్-18ఎస్ నిష్పత్తి 2 ఉండాలన్న క్షీరదాల కొలత వీటికి పెట్టకూడదు. మెషీన్ ఇచ్చే నాణ్యత అంకె కూడా అబద్ధం చెప్తుంది.

రుషికుల్య_తీరం
నిజంగా చెడిపోయిందో లేదో తేల్చుకోవాలంటే 18ఎస్ గీత కింద చూడండి. గీత గట్టిగా, అంచు తేటగా ఉండి కింద ఖాళీగా ఉంటే బాగున్నట్టు. కిందికి పొగలా జారుతుంటే ఆర్ఎన్‌ఏజ్ తగిలినట్టు. జెల్ గురించి బెంగ ఉంటే ఫార్మాల్డిహైడ్ అక్కర్లేదు. 1 శాతం అగరోజ్ పొడి టీఏఈ బఫర్‌లో కలిపాక, మరిగించే ముందే ఇళ్ళలో వాడే బ్లీచ్ ద్రవం వందకి సగం నుంచి ఒక పాలు పోసి, ఐదు నిమిషాలు ఆగి మరిగించండి. ఆర్ఎన్‌ఏజ్ చస్తుంది. అంతకన్నా ఎక్కువ పోస్తే ఆర్ఎన్ఏ కూడా దెబ్బతింటుంది. ఆర్ఎన్‌ఏజ్‌ని చంపడానికి వాడే డీఈపీసీ మాత్రం ట్రిస్ ఉన్న బఫర్‌లో వెయ్యకండి, ట్రిస్‌తోనే కలిసిపోయి ఉపయోగం లేకుండా పోతుంది. ముందు నీళ్ళకి 0.1 శాతం వేసి, రాత్రంతా ఉంచి, ఆటోక్లేవ్ చేసి, ఆ నీళ్ళతో ట్రిస్ కలుపుకోండి.

తసర్_కొరాపుట్
కింద పొగ లేదు, ఖాళీగానే ఉంది. అయితే ఎలా నిరూపించాలి?

జయపురం_జీవరసాయనం
ఒకే గొట్టంలోని ఆర్ఎన్ఏ ఒక్కో మైక్రోగ్రాము చొప్పున రెండు వెల్స్‌లో వెయ్యండి. ఒకటి వేడి చెయ్యకుండా, ఫార్మమైడ్ లేని మామూలు డైలో, ఒకటి ఫార్మమైడ్‌లో 70 డిగ్రీలకి ఐదు నిమిషాలు వేడి చేసి వెంటనే ఐసులో పెట్టి. జెల్ కూడా ఫార్మాల్డిహైడ్ లేనిదే ఉండాలి, లేకపోతే చల్లటి దాన్నీ జెల్లే విడగొడుతుంది. మొదటి దాంట్లో 28ఎస్ గీత కనపడి, రెండో దాంట్లో మాయమైతే అది దాగిన కోతే. పక్కన ఎలుక కాలేయం ఆర్ఎన్ఏ కూడా అలాగే రెండు లేన్లు పెట్టండి, దానిలో 28ఎస్ వేడికి మాయం కాదు.